బ్లేడు మందం ఎడం

నాయన ఉప్పు లారీ పొద్దున్నే స్టార్టు కాలేక ఇంట్లోకి వచ్చి పెంచలమ్మ మంచం మీద పడుకుంటుంది. మంచం కిర్రుమంటుంది కానీ విరగదు. బానెట్టు చల్లగా తగిలిందని అవ్వ దుప్పటి కప్పుతుంది. ముందు చక్రాలు దాని బయటే ఉండిపోయాయని ఇంకో దుప్పటి తెస్తుంది.

బయట ఉప్పు మళ్ళ గట్టున ఉప్పు రాశి పోసి ఉంది. తూర్పున మబ్బు పట్టింది. వాన పడేలోపు లారీ కదలకపోతే ఎండాకాలం కష్టమంతా ఏ నీళ్ళలోంచి వచ్చిందో ఆ నీళ్ళలోకే పోతుంది.

పెంచలమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆమె పక్కన చెల్లెలు శేష. ఇద్దరికీ కలిపి ఒకటే జడ. శేష ఒకసారి ఉప్పునీటి కాలవలో జారిపడింది. అప్పటి నుంచి అమ్మ రోజూ చిన్నదాని జడ కొసను పెద్దదాని జడలో కలిపి అల్లుతుంది. పెంచలమ్మ "శేషా" అంటే చాలు, "ఊఁ, అక్కా" అని పక్కనుంచే వినబడుతుంది.

మెకానిక్కు చెంచయ్య వచ్చి లారీ నాడి చూస్తాడు. ప్లగ్గు ఊడదీసి నాలుకతో తాకుతాడు. వైరు అవ్వ చేతికిచ్చి, నాయనను తాళం తిప్పమంటాడు.

"జిల్లుమనిందా అవ్వా?"

"యాడ చెంచయ్యా. చచ్చిన పాము మాదిరి ఉండాది."

చెంచయ్య తల ఊపుతాడు. "బ్యాటరీ బాగుండాది. కాయిలు దాకా కరెంటు వస్తా ఉండాది. ఎడం లేదు. ఎడం లేకుంటే రవ్వ యాడ దూకతాది?"

"కొత్త ప్లగ్గే గదా వేసింది" అంటాడు నాయన.

"ప్లగ్గులో కాదు కోటయ్యా, ఇంట్లో." అతను జడ వైపు చూస్తాడు. అందరూ అటే చూస్తారు. ఇంత తేలిక సంగతి ముందే తోచనందుకు అమ్మ నొచ్చుకుంటుంది.

చెంచయ్య జేబులోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీస్తాడు. ప్లగ్గుల ఎడం అతను దాంతోనే కొలుస్తాడు.

"నొప్పి పుట్టదా?" అంటుంది పెంచలమ్మ.

"లారీకా? లారీకేం కాదు మే."

జడ తెగుతుంది. బ్లేడు రెండు భుజాల మధ్య దూరి ఇవతలికి వస్తుంది. పెంచలమ్మ "శేషా" అంటుంది. ఆమె పళ్ళ మీంచి నీలం రవ్వ ఒకటి లేచి చెల్లెలి పళ్ళ మీదికి దూకుతుంది. "ఊఁ, అక్కా" అంటుంది శేష. మంచం మీద లారీ దగ్గుతుంది.

"ఇంతే ఎడం, బ్లేడు మందం. ఎక్కువ పెట్టబాకండి" అంటాడు చెంచయ్య.

"ఇంకొంచెం పెడితే ఇంకా గట్టిగా కొడతాది గదా" అంటాడు నాయన.

"దూరమైతే దూకలేదు."

"దూకతాదిలే. అక్కచెల్లెళ్ళు గదా."

అవ్వ శేషను అడుగు వెనక్కి నెడుతుంది. గది అడుగు పొడవు పెరుగుతుంది. పెంచలమ్మ పిలుస్తుంది, రవ్వ దూకుతుంది. లారీ మంచం దిగి వాకిట్లోకి పోయి ఉప్పు ఎత్తించుకుంటుంది.

పెంచలమ్మ ఆలోచిస్తుంది. తను పిలవకపోతే లారీ ఆగుతుంది. లారీ ఆగితే చెల్లెల్ని మళ్ళీ తెచ్చి పక్కన నిలబెడతారు. ఆమె నోరు బిగిస్తుంది. వాకిట్లో ఇంజను ఆగిపోతుంది.

"చూశావా, ఎడం చాల్లేదు" అంటాడు నాయన.

అవ్వ మళ్ళీ నెడుతుంది. గది సాగుతుంది. పెంచలమ్మ ఇంకా గట్టిగా నోరు మూస్తుంది. ఈసారి అమ్మ కూడా చెయ్యి వేస్తుంది. గది వంటిల్లు దాటి, పెరడు దాటి, ఉప్పు మళ్ళ మీదుగా సముద్రం వైపు పోతుంది. శేష ఆ కొసన చెయ్యంత, వేలంత, చివరికి ఉప్పురాయంత అవుతుంది.

మొదటి చినుకు పడుతుంది. అమ్మ పట్టా తీసుకొని పరిగెత్తి ఉప్పు రాశి మీద కప్పుతుంది. శేష వైపు పట్టా చాలదు.

"శేషా" అని అరుస్తుంది పెంచలమ్మ.

రవ్వ లేస్తుంది. చాలా దూరం పోతుంది. ఎక్కడా దిగదు. గది ఆ కొసన తడి నేల తప్ప ఏమీ లేదు.

"ఊఁ, అక్కా" అంటుంది వాకిట్లో లారీ.

ఇంజను చక్కగా అందుకుంటుంది. చెంచయ్య చేతులు తుడుచుకొని, గొంతు కుదిరిందంటాడు. నాయన నవ్వుతూ స్టీరింగు ముందు కూర్చుంటాడు. అమ్మ దువ్వెన తెచ్చి పెంచలమ్మను లారీ వెనక నిలబెడుతుంది. తెగిన జడ విప్పి, చిక్కు తీసి, కొసను లారీ గొలుసులో కలిపి నున్నగా అల్లుతుంది.

"పిలస్తా ఉండు మే" అంటుంది. "ఇది కూడా యాడికీ జారిపోకుండా ఉంటాది."

లారీ కదులుతుంది. పెంచలమ్మ కదలదు. జడ సాగుతుంది. వాకిలి దాటి, మళ్ళు దాటి, వానలోకి నల్లగా పోతూ ఉంటుంది. ఆమె పిలిచినప్పుడల్లా ఆ కొసన ఎక్కడో గేరు మారుతుంది.