సుంకమ్మ ఎత్తి చూసిన తుపాకీ

నేను ఒక పొట్టి తుపాకీని. తెలిసినవాళ్లు కార్బైన్ అంటారు. మూడు కిలోలు కూడా తూగను. ఒక తూటా పేలగానే దాని ఖాళీ తొడుగును బయటికి విసిరేసి రెండోదాన్ని నా అంతట నేనే లోపలికి తీసుకుంటాను. మనిషి చేయవలసిందల్లా వేలు కదపడమే. నా గురించి చెప్పుకోవలసిన గొప్ప ఇంతే. నన్ను కొన్నవాళ్లందరూ ఈ గొప్ప చూసే కొన్నారు.

రెండో ప్రపంచయుద్ధకాలంలో, అంతకుముందు గ్రామఫోను పెట్టెలు తయారుచేసిన ఒక విదేశీ కార్ఖానాలో నన్ను చేశారు. ముందు వరసలో పోరాడేవాళ్ల కోసం కాదు. వెనక వంట చేసేవాళ్లు, తంతి తీగలు లాగేవాళ్లు, లారీలు తోలేవాళ్లు, అంటే చేతుల్లో వేరే పని ఉన్నవాళ్ల కోసం. యుద్ధం ముగిసేనాటికి నేనింకా గ్రీజులోనే ఉన్నాను. ఎవరినీ చంపలేదు. అందులో నా మంచితనమేమీ లేదు, నా వంతు రాలేదు. తరువాత ఆనకట్ట పనులు చూడవచ్చిన ఒక దొర నన్ను వెంట తెచ్చుకున్నాడు. రెండేళ్లలో ఆయన నాతో కొట్టినవి సోడా సీసాలు మాత్రమే. తన దేశానికి తిరిగి పోతూ కర్నూలులో ఖాదర్ సాహెబు దుకాణంలో నన్ను అమ్మేసి పోయాడు.

మద్దిలేటి, సుంకమ్మ అనే మొగుడూపెళ్లాలు ఆ దుకాణానికి వచ్చింది ఒక ఎండాకాలం పొద్దున. ఆత్మకూరు అవతల, నల్లమల అంచున, మద్దిగుంట్ల అనే చిన్న ఊరు వాళ్లది. ఊరికి కొసన ఇల్లు, ఇంటి వెనకే చేను, చేను దాటితే అడవి. వేరుశనగ చేలో అడవిపందులు పడుతున్నాయి. ఆ ఏడు పక్క ఊళ్లో కొసింటివాళ్లను పట్టపగలే కట్టేసి దోచుకున్నారు కూడా. అందుకని లైసెన్సు సులభంగానే వచ్చింది. మద్దిలేటికి ముప్పై ఏళ్లుంటాయి. మాటకంటే ముందు నవ్వుతాడు. వేటంటే ప్రాణం. సుంకమ్మ సన్నగా, చిన్నగా ఉంటుంది. ఆడమనిషి తుపాకుల దుకాణానికి రావడం సాహెబు అంతకుముందు చూసినట్టు లేదు. ఆమెకు కుర్చీ వేయించి, మాటలన్నీ మద్దిలేటితోనే మాట్లాడాడు.

బల్ల మీద మూడింటిని పరిచాడు. ఒకటి జోడు గొట్టాల తుపాకీ. రెండోది పొడుగాటి రైఫిలు, గుండు గుండుకీ బోల్టు లాగి తోయాలి. మూడోదాన్ని నేను.

మద్దిలేటి చేయి నేరుగా జోడు గొట్టాల మీదికి పోయింది. సుంకమ్మ లేచి వచ్చి, అతని చేతిలోంచి దాన్ని తీసుకొని భుజానికి ఎత్తబోయింది. గొట్టాలు సగం లేచి కిందికి వాలాయి.

"దీన్ని నేను ఎత్తేలోపల దొంగోడు ఇల్లంతా సదురుకొని, అన్నం గూడ తిని పోతాడు," అంది.

రైఫిలు ఆమె కంటే రెండు జానలే పొట్టి. దాన్ని ఎత్తకుండానే పక్కన పెట్టింది. నన్ను ఎత్తింది. భుజానికి ఆనించి, దుకాణం గోడ మీది క్యాలెండరు వైపు చూపించి, దించి, మళ్లీ ఎత్తింది. నన్ను అంత శ్రద్ధగా తూచి చూసిన మనిషి అంతవరకు లేదు.

"ఇది బాగుండాది," అంది.

సాహెబుకు ఉత్సాహం వచ్చింది. "మంచిదాన్నే పట్టినావమ్మా. వేటకు వేట, ఇంటికి కాపలా. రెండు పనులకీ ఒకటే సాలు. ఒక గుండు పోతానే రెండోది దానంతట అదే ఎక్కుతాది. పంది మీదికొచ్చినా బోల్టు లాక్కుంటా కూర్చునే పనిలే."

మద్దిలేటి కళ్లు మెరిశాయి. సుంకమ్మ మాత్రం ఆలోచనలో పడింది.

"అయితే సాహెబూ, ఈయప్ప దీన్ని ఎత్తుకొని వేటకు పోతే, ఇంట్లో నాకేముంటాది?"

సాహెబు తలగోక్కున్నాడు. "ముప్పై ఏండ్లుగా తుపాకులు అమ్ముతాండా. ఈ మాట ఎవురూ అడగలే తల్లీ," అన్నాడు.

మద్దిలేటి పెద్దగా నవ్వి, "వారానికి ఒక్కనాడు పోతా లేవే, పొద్దున పోయి మద్యాన్నానికి రానూ?" అన్నాడు. ఆ మాటతో బేరం కుదిరింది.

వారానికి ఒక్కనాడు అన్నది మొదటి నెల నిజమే. తరువాత రెండు రోజులయింది, పంటకాలంలో నాలుగయింది. అతనికి తోడు అంకన్న అనే చెంచు మనిషి. యాభై దాటిన వయసు. అడవిలో పెంట అనే చెంచుగూడెంలో ఉంటాడు, తేనె తీస్తాడు. ఎంత ఎత్తు చెట్టయినా మోకు కట్టి ఎక్కి, పొగబెట్టి తేనెపట్టు కోసుకొని దిగుతాడు. ఇద్దరికీ చుట్టరికం లేకపోయినా మద్దిలేటి అతన్ని మామా అనేవాడు, అతను అల్లుడా అనేవాడు. పందుల జాడ అంకన్న పడతాడు, మద్దిలేటి కాలుస్తాడు. ఎక్కువసార్లు గుండు తప్పేది. తప్పినా రెండోది సిద్ధంగా ఉందన్న ధీమాతో మొదటిదాన్ని అతను సరిగా గురిపెట్టడం మానేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఇంటి దగ్గర సుంకమ్మ, మంచం పట్టిన అత్త నాగమ్మ. నేను ఇంట్లో ఉన్నప్పుడు దూలానికి కొట్టిన మేకుకు వేలాడేదాన్ని. సుంకమ్మ నన్ను దించి, నూనెగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టేది. కాల్చడం నేర్పమని మొగుణ్ణి రెండుసార్లు అడిగింది. రేపు అన్నాడు.

కార్తీకమాసంలో ఒకనాటి పొద్దున ఇద్దరూ నన్ను తీసుకొని వాగు దాటారు. పందులు రాత్రే గడ్డలు తవ్విన ఆనవాళ్లు కనిపించాయి. "నేను పైనుంచి తిరిగొచ్చి అరుస్తా. నువ్వు ఈ రాయికాణ్నే ఉండు. వచ్చేది ఇట్లనే వస్తాది," అని అంకన్న పొదల్లోకి పోయాడు.

కాసేపటికి అరుపు వినిపించింది. పంది వచ్చింది, బలిసిన మగపంది. మద్దిలేటి కాల్చాడు, తప్పింది. పంది పక్కకు తిరిగింది. అతనూ నన్ను తిప్పాడు, తిప్పుతూనే కాల్చాడు, మళ్లీ కాల్చాడు. మూడు గుండ్లకూ కలిపి పట్టింది మీరు మూడుసార్లు రెప్పలార్చేంత సేపు. మూడోసారికి పంది అక్కడ లేదు. అక్కడున్నది పొద. పొద వెనక అంకన్న.

"అల్లుడా, ఇంగ సాలు, ఆపు," అన్నాడతను. గొంతు పెద్దది చేయలేదు.

గుండు ఎడమ మోచేతిలో దూరి అవతలికి పోయింది. మద్దిలేటి తలగుడ్డ విప్పి గట్టిగా కట్టాడు. రెండుసార్లు ముడి జారింది. మూడోసారి అంకన్నే పళ్లతో ఒక కొసను లాగి పట్టుకున్నాడు. తరువాత మద్దిలేటి అతన్ని వీపు మీద వేసుకొని రెండు మైళ్లు మోశాడు. నన్ను పారేయాలని కూడా అతనికి తోచలేదు. తోలు పటకాతో అతని మెడలో వేలాడుతూ, అడుగడుక్కీ అతని రొమ్ముకు కొట్టుకుంటూ వచ్చాను. దారి పొడవునా ఒకటే మాట అన్నాడు, "మామా, పలుకు." అంకన్న పలికినప్పుడల్లా కొంచెం వేగంగా నడిచాడు.

ఇంటి ముందర సుంకమ్మ రోకలి పట్టుకొని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఏదో చెప్పబోయింది. నెత్తురు చూసి ఆగిపోయింది. రోకలి పక్కన పెట్టి, నీళ్లు తెచ్చి, పాత చీర చించి కట్టు మార్చి, తనే ఎడ్లను కట్టి బండి సిద్ధం చేసింది. "పోండి, అత్తకాడ నేనుంటా," అంది. ఆమె చెప్పబోయి మింగేసిన మాట ఏమిటో ఆనాడు ఎవరూ అడగలేదు.

ఆత్మకూరు ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి చూసి, ఎట్లయిందని అడిగాడు.

"గుట్ట దిగతా జారినా సామీ. రాయి కొట్టుకునె," అన్నాడు అంకన్న.

డాక్టరు తలెత్తాడు. మద్దిలేటి మెడలో నేను వేలాడుతూనే ఉన్నాను. డాక్టరు నన్ను చూశాడు, అంకన్నను చూశాడు.

"ఈ పక్క దూరి ఆ పక్క తేలిందే ఆ రాయి," అన్నాడు.

మద్దిలేటి ఆ క్షణంలో నోరు మెదపకుండా తప్పించుకోగలిగేవాడే. లైసెన్సు ఉంది, చేను ఉంది, ఇంట్లో పెళ్లాం, మంచంలో తల్లి ఉన్నారు. దెబ్బ తిన్నవాడే రాయి అంటున్నాడు. మనుషులు ఇంతకంటే చిన్న సందులోంచి కూడా బయటపడతారని నేను విన్నాను.

"రాయి గాదు సార్. నేనే కాల్చినా. కండ్లు మూసుకొని కాల్చినట్టు కాల్చినా," అన్నాడతను.

పోలీసులు వచ్చి కాగితాలు రాసుకున్నారు, లైసెన్సు చూసి నన్ను మద్దిలేటి దగ్గరే ఉంచారు. అంకన్న వాళ్లతో కూడా తన మాటే చెప్పాడు, కొంచెం మార్చి. "తుపాకి ఆయప్పది, అడవి నాది. నేను చెప్పిన జాగాలో నేను లేకపోతిని. తప్పు ఇద్దరిదీ." తరువాత కోర్టు మద్దిలేటిని మందలించి వదిలింది. అంకన్న బతికాడు. మోచేయి మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. ఆ చేత్తో మోకు పట్టలేడు. మోకు పట్టలేని మనిషికి తేనె లేదు.

ఆసుపత్రి నుంచి మూడోనాడు ఇల్లు చేరాక మద్దిలేటి నన్ను తీసుకొని నేరుగా బావి దగ్గరికి నడిచాడు. సుంకమ్మ ఎదురొచ్చి అడ్డం నిలబడింది.

"తాగే నీళ్లల్లో ఎందుకేస్తావు? ఇట్ల కూర్చో. నీకొకటి చెప్పాల," అంది.

బావి గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు, మధ్యలో నేను.

"నువ్వు మామను మోసకచ్చినావే, ఆ పొద్దున్నే ముగ్గురొచ్చిరి. మొగం తెలిసినోళ్లు గాదు. ఒగడు వాకిట్ల నిలబడె, ఇద్దరు లోపలికి రాబోయిరి. అత్త మంచంలో. ఊరంతా చేన్లల్లో. అరిస్తే ఎవురుకి ఇనపడ్తాది?"

మద్దిలేటి ఆమె వైపు తిరిగాడు. "ఏం చేస్తివే?"

"మేకు తట్టు చూసినా. తుపాకి లేదు. నీ మింద ఎంత కోపమొచ్చెనో! ఆ కోపంలోనే గట్టిగా అరిసినా, 'ఏమయ్యో, పండుకున్నది సాలు, ఆ తుపాకి ఎత్తుకొని బయటికి రా, ఎవురో వచ్చినారు' అని. లోపల్నుంచి మీ యమ్మ దగ్గె. మొగోని దగ్గు మాదిరే ఉంటాది గదా ఆయమ్మది. అంతే, ఒగని మింద ఒగడు పడి ఉరికిరి."

అతనికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. చాలాసేపు ఏడ్చాడు. ఆమె ఆపలేదు.

"ఇంట్లో తుపాకి లేకుండా చేసిపోతినే నీకు," అన్నాడు చివరికి.

"ఆ మాటే మూడు దినాలుగా నేనూ అనుకుంటాండా. తుపాకి ఇంట్లో ఉండింటే ఏమయ్యుండు? నేను కాల్చేదాన్ని. కాల్చను చేతగాకపోయినా కాల్చేదాన్ని. వాకిట్ల నిలబడినోని కాళ్లకు చెప్పులు గూడ లేవయ్యా, ముండ్లు గుచ్చుకొని కుంటతా ఉరికె. మామ మాదిరే వాడు గూడ పడిపోయుంటే ఎవుర్ని మోస్తాంటిమి?"

ఆ తరువాత వాళ్లు నా గురించి మాట్లాడుకోలేదు. సుంకమ్మ నన్ను తీసుకుపోయి మేకుకు తగిలించింది. తూటాలు విడిగా కట్టి అటక మీద పెట్టింది. మద్దిలేటి మళ్లీ నన్ను ముట్టుకోలేదు. పందులు వచ్చిన రోజుల్లో డబ్బా వాయించి తరిమేవాడు. కొన్ని పోయేవి, కొన్ని తిన్నంత తినే పోయేవి.

తేనె కాలం వచ్చింది. మద్దిలేటి పెంటకు పోయి, "నేనెక్కుతా, నువ్వు కింద నిలబడి చెప్పు మామా," అన్నాడట. అంకన్న నవ్వాడట. వద్దన్నా వినకపోతే చిన్న చెట్లతో మొదలుపెట్టాడట. ఇదంతా నేను మేకు మీదినుంచి విన్న కథ. సాయంత్రం అంకన్న అరుగు మీద కూర్చొని సుంకమ్మకు చెప్పేవాడు.

"మీ ఆయన కాళ్లు ఆకు వణికినట్ల వణుకుతాయమ్మా. సగానికి పోయి మామా మామా అంటాడు. నేను కిందనుంచి, కుడికాలు పెట్టు, ఎడమ చెయ్యి మార్చు, అంటా. తుపాకి పట్టినప్పుడు ఆ బయముంటే నా చెయ్యి నాకుండు," అనేవాడు. అనేసి, అన్నందుకు తనే నొచ్చుకొని, మజ్జిగ అడిగేవాడు. మద్దిలేటి ముఖం, చేతులు వాచి, పక్కన తలవంచుకొని కూర్చునేవాడు. దించిన తేనె అంతా పెంటకే పోయేది. రెండో ఏటికి అతని కాళ్ల వణుకు తగ్గిందని అంకన్న చెప్పాడు. తేనె తీయడం వచ్చిందని మాత్రం చెప్పలేదు.

లైసెన్సు గడువు తీరే నెలలో ఇద్దరూ నన్ను గోనెగుడ్డలో చుట్టి ఠాణాకు తీసుకుపోయారు. తుపాకీ అప్పగిస్తామంటే కొత్తగా వచ్చిన ఎస్సై నమ్మలేదు.

"అడివి పక్కన ఇల్లు మీది. మొన్ననే రుద్రవరం కాడ మళ్లీ దొంగలు పడినారు. జనాలు లైసెన్సు కోసం నా చుట్టూ తిరుగుతాంటే మీరు వాపసిస్తామంటారేం?"

సుంకమ్మ ముందుకు వచ్చింది.

"సార్, ఒక్క మాట. ఇచ్చేసినామని మీరు ఎవురికీ చెప్పొద్దండి. మాకాడ తుపాకి ఉందని సుట్టుపక్కల పది ఊర్లకు తెలుసు. మాకు అదే సాలు."

ఎస్సై పుస్తకం తెరిచి నా నంబరు రాసుకున్నాడు. ఒక జవాను నన్ను లోపలి గదికి తీసుకుపోయి, ఇనుప బీరువాలో, ఎవరివో నాటు తుపాకుల పక్కన నిలబెట్టాడు.

వారం తరువాత ఎస్సై జీపులో మద్దిగుంట్ల పోయాడని, టీ అంగడి ముందర దిగి పదిమంది వినేలా, "మద్దిలేటీ, నీ తుపాకి చూసినా. బాగా పెట్టుకున్నావు, అట్లనే పెట్టుకో," అని కేకేసి వచ్చాడని, ఆ జవానే బీరువా తుడుస్తూ ఇంకొకడితో చెప్పి నవ్వాడు.

అప్పటికి ఇప్పటికి ఎన్నో ఏళ్లు గడిచాయి. ఎస్సైలు మారారు, నా పక్కనున్న తుపాకులూ మారాయి. నా తూటాల పెట్టెలో స్ప్రింగు తుప్పు పట్టింది. ఆ ఇంట్లో మాత్రం ఇంతవరకు దొంగలు పడలేదు. మద్దిగుంట్లలో నన్ను చూడనివాళ్లు కూడా, ఆ ఇంట్లో మంచి తుపాకీ ఉందని తమ పిల్లలకు చెబుతున్నారట.