మూలికల టీ, మూడు వందల మెట్లు

ఉరిమినంత వాన కురవదన్న సామెత ఎవడు పుట్టించాడో గాని వాడికీ యాభై ఏడేళ్లు ఉండి ఉంటాయి, అనుకున్నాడు క్రేన్ డ్రైవరు, ఒంటేలుకి పరుగున పోతే నాలుగు చుక్కలు, వచ్చి కూర్చోగానే మళ్లీ పిలుపు, పొద్దున ఎనిమిదింటికి మూడు వందల మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కి ఈ అద్దాల క్యాబిన్‌లో కూర్చున్నాడు, ఇప్పుడు పదిన్నర, ఒకసారి దిగి ఎక్కడం అప్పుడే అయిపోయింది, పక్కన ఫ్లాస్కులో టీ సగానికి వచ్చింది, టీ అంటే టీ కాదు, పల్లేరు కాయలు, ఏదో ఎండు వేరు, మరేవో ఆకులు, అన్నీ కలిపి భార్య మరిగించే గోధుమరంగు నీళ్లు, తాగితే గడ్డి నమిలినట్టు ఉంటుంది, రెండు నెలల పదిరోజులుగా నములుతున్నాడు, ఆ పొడి తెచ్చి ఇచ్చినవాడు తోడల్లుడు, ఒక పెళ్లిలో పక్కకి పిలిచి, చూడన్నయ్యా, ఈ వయసులో ఆ గ్రంథి అందరికీ ఉబ్బుతుంది, నాకు నెల్లాళ్లలో సాఫీ అయిపోయింది, ఆస్పత్రి గుమ్మం తొక్కావంటే కోత తప్పదు, అన్నాడు, ఆ కోత అన్న ఒక్క మాట చెవిలో పడి ఇంకెవరి మాటా ఎక్కలేదు, కూతురి మాట కూడా, రక్తపరీక్షలు చేసే చోటే పనిచేస్తుంది ఆ పిల్ల, టీ తాగండి నాన్నా, నేను వద్దనను, కానీ పరీక్ష కూడా చేయించుకోండి, ప్రోస్టేట్ వాపు మామూలుదో కాదో టీ చెప్పదు కదా, అంది, డాక్టరు పేరు రాసిన చీటీ చేతిలో పెట్టింది, ఆ చీటీ పర్సులో నాలుగు మడతల్లో నలిగి గుడ్డపీలిక అయ్యింది, పని ఒత్తిడమ్మా, వచ్చే వారం, అంటాడు, వచ్చే వారానికి కాళ్లున్నాయా, అదెక్కడ వస్తుంది.

అన్నా, కట్ట కట్టేశాం, లేపు, అని వాకీటాకీలో గొంతు, కింద నిలబడి సైగలిచ్చే మనిషిది, పదకొండేళ్లుగా తన చెవిలో ఉన్న గొంతు, బరువెంత అని అడిగాడు అతను, అడగకుండా ఏనాడూ లేపలేదు, రెండు టన్నులు, సరే, లివరు లాగాడు, ఇనుప చువ్వల కట్ట నేల విడిచింది, సరిగ్గా అప్పుడే పొత్తికడుపులో ఎవరో పిడికిలి బిగించినట్టు, ఇప్పుడా, ఒక్క ఐదు నిమిషాలు ఆగలేవా తల్లీ, అని దానితోనే బతిమాలుకున్నాడు, సీటు వెనక ఖాళీ సీసా ఉంది, కానీ రెండు చేతులూ రెండు లివర్ల మీద ఉన్నాయి, పద్దెనిమిదో అంతస్తు శ్లాబు మీద ఇద్దరు పనివాళ్లు తలెత్తి చూస్తున్నారు, గాలి కట్టను కొంచెం తిప్పింది, ఆపన్నా, ఆగు, శ్లాబు మీద చెక్క దిమ్మలు సర్దుతున్నారు, అంది గొంతు, ఆగమంటే ఆగేది క్రేను, తను కాదు, పళ్లు బిగించాడు, నుదుటి చెమట కంట్లోకి దిగింది, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, పొద్దున భార్య ఫ్లాస్కు అందిస్తూ రోజూ అడిగినట్టే అడిగింది, తగ్గిందా అండీ, తగ్గింది, చాలా తేలిగ్గా ఉంది, అన్నాడు, రోజూ అన్నట్టే, ఆమె చీర కొంగుతో మూత తుడిచింది, ఎంత తేలిగ్గా ఉందో ఇప్పుడు చూడాలి ఆమె, టీ తాగినకొద్దీ నీళ్లే కదా పెరిగేది, ఈ మాత్రం లెక్క తెలియకనా, తెలిసే తాగాడు, తాగుతున్నంతసేపూ వైద్యం జరుగుతున్నట్టే ఉంటుంది, కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిలాగ, ఇంకొంచెం ఎడమకన్నా, ఎడమకి, చాలు, అంది గొంతు, అంతలో వెచ్చగా, మెల్లగా, తొడ మీదుగా మోకాలి దాకా, ఇంటిదగ్గర ఎంత బతిమాలినా రానిది ఇక్కడ పిలవకుండానే వచ్చింది, చేతులు కదలలేదు, కళ్లు కట్ట మీంచి తిప్పలేదు, దించాడు, జానెడు జానెడుగా, దిమ్మల మీద పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించాడు, పనివాళ్లు కొక్కెం విప్పి చెయ్యి ఊపారు.

తర్వాతి కట్ట రెడీ అన్నా, అంది గొంతు, సీటు మీద తడి చల్లబడుతోంది, ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, అదీ రాలేదు, అలసట ఒక్కటే వచ్చింది, రెండు నెలల అలసట, వాకీటాకీ బ్యాటరీ అయిపోయిందనొచ్చు, కళ్లు తిరుగుతున్నాయనొచ్చు, ఫ్లాస్కు ఒలికిందనొచ్చు, అబద్ధాలు వరసకట్టి నిలబడ్డాయి, ఏ ఒక్కదాన్నీ లేపే ఓపిక లేదు, నేను దిగుతాను తమ్ముడూ, ప్యాంటు తడిసింది, అన్నాడు, అందరూ వినే వాకీటాకీలోనే అనేశాడు, గరగర మధ్య గొంతు చిన్నగా, దిగన్నా, మెల్లగా దిగు, నా గదిలో లుంగీ ఉంది, అంది.

మూడు వందల మెట్లు, తడిగుడ్డ ఒరుసుకుంటూ దిగేసరికి ఆ మనిషి నిచ్చెన అడుగునే నిలబడి ఉన్నాడు, మడిచిన లుంగీ చేతికిచ్చి, మొహం చూడకుండా, కోప్పడకన్నా, ఒక మాట, వదిన రోజూ సాయంత్రం నాకు ఫోన్ చేస్తుంది, ఇవాళ ఎన్నిసార్లు దిగారు అని అడుగుతుంది, నెల నుంచి చెబుతూనే ఉన్నాను, అన్నాడు, మొన్న ఎన్నని చెప్పావు అని అడిగాడు డ్రైవరు, ఆరుసార్లన్నా, మరి తనేమంది, మీరు చెప్పినట్టు ఆయనకి తెలియనివ్వకండి, ఆయనంతట ఆయనే చెప్పాలి, అంది.

గదిలోకి పోయి తలుపు వేసుకుని బల్ల మీద కూర్చున్నాడు, ఆరు, ఆరని తెలిసీ మర్నాడు పొద్దున ఆకులు మరిగించింది, తెలిసీ అడిగింది, తగ్గిందా అండీ, తను తగ్గిందన్నాడు, ఆమె మూత తుడిచింది, ఇప్పుడు కనబడుతోంది ఆ తుడవడం, అవసరానికి మించి రెండు మూడుసార్లు, ఇంకేమైనా అంటాడేమోనని ఆగినంతసేపు, జవాబు ఎప్పుడూ ఆమె దగ్గరే ఉంది, రోజూ అడిగింది అతను నోరు తెరవడం కోసం, అంతే, అతను ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాడు, ఏవండీ, ఈ వేళప్పుడు చేశారేమిటి, అంది ఆమె, తగ్గలేదే, అన్నాడు.