రమణమ్మత్త ఎవరి సొత్తు

ఆదివారం ఒంటిగంట అయ్యేసరికి ప్రొద్దుటూరులో రామమోహన్‌కు కడుపుమంట మొదలవుతుంది. సరిగ్గా ఆ వేళకే టీవీలో ఉదయ్‌కిరణ్ ‘నవ్వుల కచేరీ’ వస్తుంది. చూడకుండా ఉండొచ్చు కదా అంటే, ఉండలేడు. ఒక్క వారం తప్పిస్తే ఒట్టు.

సినిమావాళ్ళను సోఫాలో కూర్చోబెట్టి ముచ్చట్లాడే ఉదయ్‌కిరణ్, నడిమధ్యలో చీర చుట్టుకుని రమణమ్మత్తగా వస్తాడు. చక్రాయపేట నుంచి వచ్చి, అంగట్లోని చీరలన్నీ కిందికి దింపించి, కడాకు ఒక్క జాకెట్టు గుడ్డ కొనుక్కుని పోయే అత్త. రాష్ట్రమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది. పుట్టింది మాత్రం రామమోహన్‌వాళ్ళ బట్టలంగట్లో. కాలేజీ రోజుల్లో ఇద్దరూ కలిసి జమ్మలమడుగులో వార్షికోత్సవాలకూ, పులివెందులలో పెళ్ళిళ్ళకూ పోయి ఆడేవాళ్ళు. అత్త వేషం రామమోహన్‌ది, షావుకారు వేషం ఉదయ్‌కిరణ్‌ది. జనం ఈలలు వేసింది అత్తకే.

హైదరాబాదు నుంచి టీవీవాళ్ళు ఇద్దరినీ రమ్మన్న రోజే ఆషాఢం తగ్గింపు అమ్మకాలు మొదలు. “అంగడి ఇడ్సిపెట్టి యాడికిరా పోయేది?” అన్నాడు నాయన. రామమోహన్ ఆగిపోయాడు. ఉదయ్‌కిరణ్ ఒక్కడే పోయి రెండు వేషాలూ తానే వేసి చూపించాడు. పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో రామమోహన్ అనే పేరు వాడి నోట ఒక్కసారి రాలేదు.

“ఆ అత్త నాది” అని భార్య చందనకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. “ఊరికంతా చెప్పుకోపో, నాకు చెప్తే ఏమొస్తాది?” అనేది ఆమె.

అదీ కాదు అసలు మంట. రమణమ్మత్త తెర మీదికి రాగానే వాళ్ళమ్మ కృష్ణవేణమ్మ నోట్లో కొంగు కుక్కుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వుతుంది. కన్నకొడుకు వేసినన్నాళ్ళూ ఒక్క ఆట చూడలేదు. మగబిడ్డకు ఆడవేషమేందని అలిగి ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు పరాయివాణ్ణి చూసి పగలబడి నవ్వుతోంది! ఆ నవ్వు వింటే రామమోహన్‌కు టీవీని రోడ్డు మీదికి విసిరెయ్యాలనిపించేది.

ఇట్లా ఉండగా ఒకరోజు ఉదయ్‌కిరణే ఫోన్ చేశాడు.

“మామా, వచ్చే నెల మనూర్లోనే షూటింగు. నిన్ను స్టేజీ మీదికి పిలుస్తా. రమణమ్మత్త నీదేనని అందరి ముందరా చెప్తా. ఆ వేషం నువ్వే వెయ్యాల.”

పదేళ్ళు లేని ప్రేమ ఇప్పుడేంది అనుకున్నాడు రామమోహన్. “చూస్తాంలే” అన్నాడు బిగదీసుకుని. ఫోన్ పెట్టేసి, తలుపు వేసుకుని, అద్దం ముందు గంటసేపు మూతి తిప్పుకున్నాడు.

ఉదయ్‌కిరణ్‌ను దగ్గర్నుంచి చూడొచ్చని అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆమెను తీసుకుపోయి మొదటి వరసలో కూర్చోబెట్టాడు. ఊరు మెచ్చుకున్నా మెచ్చుకోకపోయినా సరే, ఈరోజు అమ్మ తన అత్తను చూసి నవ్వాలి. వాడికి నవ్వినదానికంటే ఎక్కువ నవ్వాలి. రామమోహన్‌కు కావలసింది అంతే.

కల్యాణమండపం కిటకిటలాడుతోంది. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి జీపులు కట్టుకుని వచ్చారు జనం. ఉదయ్‌కిరణ్ మాట తప్పలేదు. రామమోహన్‌ను వాటేసుకుని, “ఈ అత్తను కన్నది ఈ మామే! నేను సాకినానంతే!” అన్నాడు మైకులో. చప్పట్లు మోగిపోయాయి. అయ్యో, ఇట్లాంటివాణ్ణా ఇన్నాళ్ళూ తిట్టుకున్నాననుకున్నాడు రామమోహన్. కళ్ళు తడిశాయి.

ఆట మొదలైంది. చీర కట్టుకుని రామమోహన్ అత్తగా వచ్చాడు, షావుకారుగా ఉదయ్‌కిరణ్ కూర్చున్నాడు. మొదటి మాటకు ఎవరూ నవ్వలేదు. రెండో మాటకు ముందు వరసలో ఎవరో, “అచ్చం ఉదయన్న మాదిరే చేస్తాండాడే!” అన్నారు.

ఓరి దేవుడా! తన అత్తకు తానే నకలైపోయాడు. తర్వాతి మాట గుర్తుకురాలేదు.

ఉదయ్‌కిరణ్ ఒక చీర విప్పి ముందు పరిచాడు. అత్త దాన్ని లాగి, నలిపి, షావుకారు మొహాన కొట్టాలి. రామమోహన్ చేతులకు అది చేతకాలేదు. పదేళ్ళుగా పొద్దస్తమానం చేసే పనే చేశాయవి. అంచుకు అంచు కలిపి, మోచేతి మీద వేసి, చకచకా మడత పెట్టి పక్కన పేర్చాయి. రెండో చీర పడింది. అదీ మడత పెట్టాడు.

ఉదయ్‌కిరణ్ కళ్ళు మెరిశాయి. “అత్తా! చీర కొనేదానికొచ్చినావా, అంగట్లో జీతానికొచ్చినావా?”

మండపం దద్దరిల్లింది. వాడు చీర మీద చీర విసిరాడు, చీరకో మాట అన్నాడు. రామమోహన్ ఆపుదామన్నా చేతులు ఆగలేదు. మొదటి వరసలో అమ్మ పక్కావిడ భుజం మీద పడి నవ్వుతోంది.

దిగేటప్పుడు ఉదయ్‌కిరణ్ గట్టిగా కావలించుకున్నాడు. “ఆ మడత అదిరిపోయింది మామా. వచ్చే వారం నుంచి నేనూ పెడతా. ఏమనుకోవు గదా?”

“ఏమనుకుంటాలే” అన్నాడు రామమోహన్. ఇంకేమంటాడు?

ఇంటికి పోయే ఆటోలో అడగకుండా ఉండలేక అడిగాడు. “అమ్మా, శానా నవ్వినావు గదా?”

“నవ్వకుండా ఎట్లుంటార్రా! నువ్వు తడబడతానే ఉదయ్ ఎట్ల అందుకున్నాడో చూసినావా? శానా తెలివైన పిల్లోడు నాయనా.” కృష్ణవేణమ్మ కళ్ళు తుడుచుకుని, కొడుకు మొహం చూసి, మోకాలి మీద మెల్లగా తట్టింది. “నువ్వు గూడా చీరలు బాగా మడత పెట్టినావులే.”