పడుకున్న నీళ్లు

కొండ మీది ఊటలన్నీ పటంలోకి ఎక్కిస్తూ పదకొండో ఊట దగ్గరికి చేరేసరికి సర్వేయరు మోకాళ్లు దోక్కుపోయాయి, బూట్లలోకి జలగలు దూరాయి. దారి చూపడానికి వచ్చిన ముసలమ్మ బండ మీద కూర్చుని నవ్వుతోంది.

"అప్పుడే డీలా పడిపోయావేంటి నాయనా?"

"నీకేం పెద్దమ్మా, నీవి ఇనప కాళ్లు. సరేగానీ, ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

నీళ్లు ఇరవై అడుగులు పారి బండల కింద మాయమయ్యాయి.

"ఇక్కడ పడుకుంటాయి," అందామె.

అతను సర్వే పుస్తకంలో "ఇంకిపోతాయి" అని రాసుకుని, పటం మీద నీలం గీతను అక్కడే ఆపేశాడు. నీళ్లు పడుకోవడమేమిటని అడగలేదు. చదువుకున్నవాడు కదా, ముసలమ్మని అడిగితే నామోషీ! ఆ అడగకపోవడమే కొంప ముంచింది.

మర్నాడు పొద్దున్నే కొండ దిగితే కింద నలభై ఇళ్లు. బండ సందులోంచి ధారగా నీళ్లు, బిందెలతో ఆడవాళ్లు.

"ఇదెక్కడి ఊట పెద్దమ్మా?"

"అయ్యో రాత, నిన్న చెప్పానుగా! పైన పడుకున్నవే ఇక్కడ లేచాయి. వీళ్లందరికీ ఇవే నీళ్లు. మా అమ్మాయి ఇల్లు కూడా ఇక్కడే."

సర్వేయరు పటం విప్పి చూశాడు. గీత ఆగినచోటి నుంచి ఈ ఇళ్ల దాకా పటంలో చుక్క నీరు లేదు. సర్వే గుడారానికి పరిగెత్తి, పుస్తకంలో "ఇంకిపోతాయి" అన్నది చెరిపెయ్యడానికి రబ్బరు తీశాడు. గుడారంలో ఉన్న అతని పై ఆఫీసరు చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఉండనీవయ్యా. నీళ్లు లేని కొండైతేనే క్వారీకి ఇవ్వొచ్చు. కింద ఉన్నది వేరే ఊట అని రాయి."

"బండలు పేలిస్తే ఆ ఊరికి నీళ్లుండవు సార్."

"నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. గుర్తుందా?"

గుర్తు లేకేం! అది గుర్తొచ్చే చెప్పినట్టే రాశాడు. రాస్తుంటే సిగ్గేసింది.

దారి చూపినవాళ్ల వేలిముద్ర లేనిదే పుస్తకం చెల్లదు. ముసలమ్మని పిలిచారు. ఆమె సిరా డబ్బా వైపు చూసి చెయ్యి కొంగులో దాచుకుంది.

"ముందు ఏం రాశావో చదువు నాయనా."

చదివాడు.

"ఇంకిపోతాయని నేనెప్పుడన్నాను?" అంది ముసలమ్మ. "ఆ ఊరి ఉసురు నాకొద్దు. నేను వెయ్యను."

"వేలు పట్టుకుని వేయించవయ్యా, చూస్తావేం?" అని ఆఫీసరు కసిరాడు.

సర్వేయరు లేచాడు.

"ఆవిడ ఆ మాట అనలేదు సార్. తప్పు రాసింది నేను. ఆవిడ చెయ్యి నేను పట్టుకోను."

ఆఫీసరు పుస్తకం తనవైపు లాక్కున్నాడు. కింద మలుపులో, వేలిముద్ర పడకముందే, రాళ్లు తొలిచే యంత్రంతో క్వారీ లారీ కొండెక్కుతోంది.