మనిషివేనా?

తారి పెద్ద బగోనెలో బియ్యం కలియబెట్టి, గంజి పొంగకుండా మూత ఓరగా పెట్టింది. దంతాలపల్లి దగ్గరి తండా బడిలో పదకొండేళ్లుగా నలభై మంది పిల్లలకు వండేది ఆమే. మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఏ పిల్లకు కారం పడదో, ఎవరు పొద్దున తినకుండా వస్తారో ఆమెకే తెలుసు.

నడుముకు కట్టిన సంచిలో ఫోన్ మళ్లీ మోగింది. మూడు రోజులుగా ఇదే గోల. రేషన్ కార్డుల జాబితా చూద్దామని తెరిస్తే ఏదో పేజీ అడ్డం పడి, "మీరు మనిషేనా? అయితే అనుమతించు నొక్కండి" అని ఉందని పక్కింటివాళ్లు చదివి చెప్పారు. మనిషిని కానని ఎవరు ఒప్పుకుంటారు? నొక్కింది. అప్పటినుంచి ఒకటే మోత.

నాలుగో తరగతి చదివే మనవరాలు కల్యాణిని పిలిచి, ఫోన్‌లో వచ్చిన మెసేజీ చదవమంది.

"దాదీ, వైరస్ సోకిందంట. పదమూడు ఉన్నయంట. ఎంబడే..."

తారి మిగతాది వినలేదు. ఆ మాట తండా భాషలోనే లేదు. కరోనా ఏడాది తెల్ల బట్టలవాళ్లు తెచ్చారు దాన్ని. ఆ పేరు చెప్పే ఆమె పెనిమిటి మాన్‌సింగ్‌ను తీసుకుపోయారు, మళ్లీ ముఖం చూపలేదు. ఈ ఫోన్‌నేమో మూడు రోజులుగా చెంపకు ఆనించుకుని మాట్లాడింది. అదే చేత్తో వండింది.

"దూరం జరుగు బిడ్డా! నన్ను ముట్టకు!"

గుడ్డతో బగోనె ఈడ్చుకెళ్లి, అన్నమంతా బడి వెనక గుంతలో పారబోసింది.

కల్యాణి ఏడుపు విని ఉమ టీచర్ పరుగున వచ్చి ఫోన్ చూసింది.

"ఫోన్ల వైరస్ మనుషులకు అంటదవ్వా. అసలు గీ ఫోన్ల ఏ వైరస్ లేదు. భయపెట్టి పైసలు గుంజెటందుకు గిట్ల పంపుతరు, లుచ్చాగాళ్లు." రెండు నొక్కులతో మోత ఆపేసింది.

ఆ మధ్యాహ్నం నలభై మంది తలా రెండు బిస్కెట్లు తిని నీళ్లు తాగారు. ఎక్కడో చల్లని గదిలో కూర్చుని ఆ మాట రాసినవాడి చేతులు పడిపోను! వాడికి కావలసింది ఒక్క నొక్కు.

"మనిషివేనా అని అడిగిండు టీచరమ్మా. అవునన్న. గదేనా నా తప్పు?"

"నీ తప్పేం లేదవ్వా. రేపు ఎప్పటిలెక్కనే రా."

"పోరగాండ్ల నోటికాడి అన్నం పారబోసిన. ఇగ ఏ మొఖం పెట్టుకొని వడ్డిస్త? మా పక్కింటి సుక్కిని పెట్టుకోండ్రి."

బడి వదిలే వేళకు తారి లేదు. ఉమ తాళం వేయబోతూ వంటగదిలోకి చూసింది. గోడవారన చాట నిండా రేపటి బియ్యం, ఒక్క రాయి లేకుండా ఏరి ఉన్నాయి.