మబ్బు పట్టిన శనివారం లెక్క

మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో శ్యామసుందరి తన ఇంటి గరాజ్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. వేసవిలో కిటకిటలాడే ఆ గది, ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ వచ్చేసరికి సగం ఖాళీ అయింది. కూచిపూడి బూట్లు వేసుకుని ఆడేది కాదు, కింద చూస్తే గడ్డకట్టినట్టుండే సిమెంటు నేల. ఒక శనివారం సాయంత్రం పక్కింటి యోగేంద్ర గారి మనవరాలు శివాంగిని అడుగు వేస్తూ వేస్తూ ఆగిపోయి, "ఆంటీ, ఐ కాంట్ ఫీల్ మై టోస్" అంది. శ్యామసుందరి కూలబడి ఆ పాదాలను ఒళ్లోకి తీసుకుంది. వేళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ రోజు క్లాసు అక్కడితో ఆపేసింది.

భోజనాల దగ్గర భర్త ద్వారకానాథ్ అన్నాడు: "ఈ చలికాలానికి మానేస్తే పోలా సుందరీ?"

"మానేస్తే పిల్లలు మళ్లీ మొదటి అడుగు దగ్గరికొస్తారండీ. మాననివ్వను."

మూసిన గదిలో గ్యాస్ హీటర్ పెట్టడం ప్రమాదం. కరెంటుతో వేడి చేస్తే ఫీజులన్నీ బిల్లుకే పోతాయి. ఇక మిగిలింది ఎండ. సోలార్ ప్యానెల్స్ అమ్మే వెంకట్‌ని పిలిచింది.

"మీ రూఫ్ సూపర్ అక్కా. యావరేజ్‌న రోజుకి ఇరవై యూనిట్లు పైనే. గరాజ్‌లో వేడిగాలి ఇచ్చే ఏసీ పెట్టుకున్నా బోలెడు."

"యావరేజ్ నాకొద్దు వెంకట్. చలి యావరేజ్ చూసుకుని రాదు కదా. జూలైలో ముసురు పట్టిన శనివారం ఎన్ని యూనిట్లు వస్తాయో చెప్పు."

వెంకట్ ట్యాబ్లెట్ మీద వేలు పైకీ కిందికీ జరిపాడు. "అలా ఎవరూ అడగరక్కా" అన్నాడు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. తిన్నగా పక్కింటికి వెళ్లింది. యోగేంద్ర తాతల కాలంలోనే ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల బిడ్డ. అక్కడినుంచి మెల్‌బోర్న్ వచ్చి స్థిరపడ్డాడు. ఆయన ఇంటి మీద ప్యానెల్స్ పెట్టి చాలా ఏళ్లయింది.

"అంకుల్, మీ యాప్‌లో పాత చలికాలాలు చూడొచ్చా?"

"చూడు బేటీ, అన్నీ ఉండాయి. వింటర్ చూస్తే నీకు ఏడుపొస్తది."

ఆమె నెలల గ్రాఫ్‌లు ఒక్కొక్కటే తెరిచింది. నడివేసవి జనవరిలో గ్రాఫ్ కొండలా ఉంది. జూలైలో మంచి ఎండ కాసిన రోజు కూడా అందులో మూడోవంతే. ముసురు రోజుల్లో అయితే అడుగున మరకలా కాస్త, రోజంతా కలిపి మూడు యూనిట్లు. ఆ మూడూ మధ్యాహ్నం చుట్టూ వచ్చినవే. తన క్లాసు జరిగే సాయంత్రం వేళ దాదాపు సున్నా.

ఎండను పెంచడం తన చేతిలో లేదు. గది ఎంత వేడి మింగుతోందో అది తగ్గించవచ్చు. అరువు తెచ్చిన కరెంటు హీటర్‌కి మీటరు తగిలించి చూసింది. గరాజ్ ఓ మోస్తరుగా వెచ్చబడేలోపే ఆ మూడు యూనిట్లూ దాటిపోయాయి. చలిగాలి ఎక్కడినుంచి దూరుతోందో చూడటానికి అగరువత్తి వెలిగించి గోడల వెంబడి నడిచింది. షట్టర్ కింద పొగ గిర్రున తిరిగింది, పైకప్పు మూలల్లో ఒక్కసారిగా పక్కకు లాక్కుపోయింది.

ఆ వారాంతం ద్వారకానాథే నిచ్చెన తెచ్చాడు. ఇద్దరూ కలిసి షట్టర్‌కి ఫోమ్ పలకలు, అంచులకు రబ్బరు, పైకప్పులో వేడి పోకుండా ఆపే దళసరి ఉన్ని పరుపులు వేశారు. సిమెంటు మీద ఫోమ్ పరిచి చెక్క నేల వేశారు. మళ్లీ మీటరు పెట్టి చూస్తే ఖర్చు సగానికి దిగింది. అప్పుడు వెంకట్‌కి ఫోన్ చేసింది. "గరాజ్‌లో వేడిగాలి ఏసీ బిగించు. ప్యానెల్స్ అన్నీ ఉత్తరం వైపే పెట్టు. ఇక్కడ సూర్యుడు నడిచేది అటే."

ఇక మిగిలింది క్లాసు వేళ. పదకొండున్నరకు మారుస్తున్నానని మెసేజ్ పెట్టగానే, క్లాసుకొచ్చే అనన్య తల్లి వైశాలి ఫోన్ చేసింది.

"మేడమ్, గిట్ల ఎట్ల కుదుర్తది? పొద్దుగాల మా పిల్లకి నెట్‌బాల్ ఆట ఉంటది. సాయంత్రమే ఉంచుండ్రి."

"సాయంత్రం ఎండ ఉండదు వైశాలీ. మధ్యాహ్నమైతేనే గది వెచ్చగా ఉంటుంది. ఆలస్యమైనా పర్లేదు, తీసుకురండి. తనకి వేరేగా చెప్తాను."

"చూస్త మేడమ్" అని వైశాలి పెట్టేసింది.

ఆగస్టులో ఆమె ఎదురుచూసిన శనివారం వచ్చింది. పొద్దుటినుంచీ జల్లు. దూరాన యూ యాంగ్స్ కొండలు మబ్బులో కలిసిపోయాయి. శ్యామసుందరి ముందుగానే ఏసీ వేసి ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడింది. తెర మీద ప్యానెల్స్ ఇస్తున్నదీ ఏసీ లాగుతున్నదీ రెండు గీతలుగా పక్కపక్కనే కదులుతున్నాయి. ఒక నల్లమబ్బు రాగానే ఇచ్చేది పడిపోయింది, బయటి కరెంటు అందుకుంది. "కొంచెం ఎక్కువే ఆశపడ్డాను" అనుకుంది. అయినా లోటు పెద్దది కాదు. అరగంట తర్వాత మళ్లీ రెండు గీతలూ కలిశాయి.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. స్వెటర్లు విప్పి మూల పడేశారు. క్లాసు సగంలో అనన్య నెట్‌బాల్ గౌనుతోనే పరుగెత్తుకొచ్చి, బురద సాక్సులు గుమ్మంలో వదిలేసి వరసలో నిలబడింది. వెనకే వచ్చిన వైశాలి గోడకానుకుని కూర్చుని, కాసేపటికి కోటు విప్పేసింది.

"మేడమ్, మా ఇంట్ల గూడ గిట్ల అయితదా?"

"మీ రూఫ్ చూడకుండా చెప్పను. రేపొస్తా, అగరువత్తి కట్ట ఒకటి తీసి ఉంచండి."

శ్యామసుందరి తాళం వేసే తట్టుకర్ర అందుకుంది. చెక్క నేల మీద పాదాలన్నీ ఒక్కసారి మోగాయి.