ట్యాంకు మీది రెండో జాయింటు

నట్టు బిగించాకే దాని మీద గీత గీశాడా, లేక గీత ముందే గీసేసి బిగించడం మరిచిపోయాడా అన్నది ఎంత ఆలోచించినా మెకానిక్కుకు తేలడం లేదు. మిగతావన్నీ గుర్తున్నాయి. పాత పంపును కారు పెట్రోలు ట్యాంకులోంచి పైకి తీసినప్పుడు దాని అడుగున అంటుకుని వచ్చిన గోధుమరంగు మడ్డి గుర్తుంది. కొత్త పంపు చిటికెనవేలంత పొడుగు ఎక్కువని, దాన్ని పట్టుకునే పట్టీని ఆ మేరకు పైకి జరపడం గుర్తుంది. ఉక్కుతీగల అల్లిక ఉన్న కొత్త గొట్టాన్ని కోస్తుంటే ఒక తీగ బొటనవేల్లో దిగింది. రక్తం వచ్చింది. నొప్పి పుట్టిందో లేదో మాత్రం చెప్పలేడు.

ట్యాంకు నెత్తిన రెండు జాయింట్లు ఉంటాయి. మొదటిది ఇంజను వాడుకోగా మిగిలిన పెట్రోలు తిరిగొచ్చే గొట్టానిది. దాన్ని బిగించాడు, పానా ఇక కదలనని మొరాయించిన ఆ గట్టిదనం ఇప్పటికీ మణికట్టులో ఉంది. రెండోది ఇంజనుకు పోయే గొట్టానిది. పంపు ఒత్తిడంతా దాని మీదే. దాని గురించి మణికట్టును అడిగితే ఏమీ చెప్పడం లేదు. జ్ఞాపకం ఉండాల్సిన చోట ఒక పసుపు గీత ఉంది, అంతే.

ఆ గీత వాళ్ళ షెడ్డు పద్ధతి. బిగించిన ప్రతి నట్టు మీదా, దాని పక్క భాగం మీదా కలిసేలా రంగు పెన్నుతో ఒక గీత. తర్వాత నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలై పట్టిచ్చేస్తుంది. పదహారేళ్ళు ఇతను బిగించాడు, భార్య గీసింది. పెన్ను మూత తీసి పట్టుకుని “బిగిసిందా?” అని అడిగేది. “ఆఁ” అంటే ఒప్పుకునేది కాదు.

“ఆఁ అనడానికి నోరొక్కటి చాలు. బిగిసింది అని చెప్పండి, గీస్తాను.”

ఆమె పోయి నాలుగు నెలలైంది. పదకొండు రోజుల జబ్బు. ‘గుండె రాయి చేసుకున్నాడు’ అన్నారు చుట్టాలు. తను చేసుకున్నదంటూ ఏమీ లేదు. చూసుకునేసరికి అది అలాగే ఉంది. అప్పటినుంచీ బిగించేదీ గీసేదీ తనే. అడిగేవాళ్ళు లేరు. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు గుర్తుపెట్టుకోవాలని చేతికి మాత్రం ఏం పట్టింది? కనిపించే జాయింట్లయితే అనుమానం వచ్చినప్పుడల్లా మళ్ళీ పానా వేసి చూసుకునేవాడు. అలాగే నెట్టుకొచ్చాడు. ఇది కనిపించేది కాదు. నిన్న మధ్యాహ్నం ట్యాంకును జాకీతో పైకెత్తి స్థానంలో బిగించేశాడు. ఇప్పుడు ఆ జాయింటును తాకాలంటే ట్యాంకు మళ్ళీ కిందికి దించాలి. మూడు గంటల పని.

కారు తీసుకుపోవడానికి బావమరిది అప్పటికే వచ్చేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళు, నడినెత్తిన బట్టతల, ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. అయినా ఇంట్లో అందరికీ చిన్నోడే. సెలవు దొరికితే చాలు, కారును రేసు ట్రాకుకు తోలుకుపోతాడు. పోయినేడాది ఇంజను బలం పెంచాడు. అప్పట్నించీ వేగం అందుకునేసరికి పెట్రోలు చాలక బండి దగ్గడం మొదలుపెట్టింది. పెద్ద పంపూ, లావు గొట్టాలూ అందుకే.

“ఏం బావా, గుండె మార్పిడి అయిందా నా బండికి?”

“అయింది.”

“రక్తనాళాలు కూడా?”

“అన్నీ.”

“అబ్బబ్బ, ఎన్ని మాటలు! దవడ నొప్పెడుతుందేమో, చూడమంటావా? నీకైతే క్యూ లేకుండా చూస్తాను.”

అది నవ్వాల్సిన చోటని మెకానిక్కుకు తెలుసు. పెదాలు ఆ మేరకు సాగదీశాడు.

“నిన్న అమ్మ అడిగింది, బావ వేళకి తింటున్నాడా అని. అన్నం సంగతి తెలీదు గానీ మాటలు మాత్రం బాగా మింగుతున్నాడే, అవే అరగట్లేదు అన్నాను.”

“తింటున్నానని చెప్పు.”

మెకానిక్కు తాళం తిప్పాడు. కొత్త పంపు సన్నగా గుయ్యిమంది. ఒత్తిడి ముల్లు లేచి, ఉండాల్సిన చోట నిలబడింది. బండి కిందికి పాకి, ట్యాంకు చుట్టూ పొడి కాగితంతో తుడిచి చూశాడు. కాగితం తడవలేదు. దాంతో రుజువయ్యేదేమీ లేదని తనకు తెలుసు. వేళ్ళతో తిప్పి వదిలేసిన నట్టు కూడా నిలబడ్డ బండిలో ఒక పూట కారకుండా ఓర్చుకుంటుంది. ట్రాకు మీద అదురుకు రెండో చుట్టులోనే వదిలేస్తుంది. దానికి జానెడు దూరంలో కాలే పొగగొట్టం. ముందు సీట్లో చిన్నోడు.

పైకి లేస్తూ భయం కోసం ఎదురుచూశాడు. అదొస్తే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. రప్పించడానికి మంటను ఊహించుకున్నాడు కూడా. రంగు సరిగ్గానే వచ్చింది, పొగ కూడా వచ్చింది. ఎవరిదో బండి కాలుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. ఛాతీలో ఏమీ కదలలేదు. అంతగా ప్రమాదమే అయితే భయం వేయదా మనిషికి? వేయలేదంటే బిగించే ఉంటాను. ఈ లెక్క ఎంత నునుపుగా ఉందంటే, ఒక క్షణం దాని మీద నిజంగానే కుదురుగా కూర్చున్నాడు.

చిన్నోడు లోపల కూర్చుని ఇంజను వేశాడు. హెల్మెట్ పక్క సీట్లో ఉంది.

“విన్నావా బావా? ఒక్క దగ్గు లేదు, పిల్లిలా కూర్చుంది. ట్రాకు మీద పదకొండుకి నా వంతు. పదిన్నరకల్లా అక్కడుండాలి.” బెల్టు లాక్కుంటూ అన్నాడు, “అక్క ఉంటే ఈపాటికి, సరిగ్గా పెట్టుకోరా కోతీ అని నెత్తి మీద ఒకటి...”

నవ్వబోయి ఆగిపోయాడు. చక్కగానే ఉన్న అద్దాన్ని ఇటు ఒకసారి, అటు ఒకసారి తిప్పాడు.

మెకానిక్కు కిటికీ మీదికి వంగాడు. చిన్నోడి చెవి వెనక గడ్డం గీసుకోవడంలో తప్పిపోయిన రెండు వెంట్రుకలు కనిపించాయి. ఎంత దగ్గరగా కనిపించినా అవీ ఏమీ కదిలించలేదు.

“ఇంకేమన్నా చెప్పాలా?” అన్నాడు చిన్నోడు.

“జాగ్రత్త” అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అనేసి పక్కకు తప్పుకోవచ్చు. రోజూ బండ్లను అలాగే పంపిస్తాడు. చెప్పాల్సిందేమో పదహారేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట: చేశానో లేదో నాకు తెలియదు. అది అన్నాక ఇన్నాళ్ళూ తను ఎలా ఉన్నాడో మొత్తం బయటపడుతుంది. చిన్నోడు హాస్యాలు మానేస్తాడు. ఇంట్లోవాళ్ళు వంతులేసుకుని వచ్చి కూర్చుంటారు.

భయం ఇంకా రాలేదు. ఇప్పుడు రాదని, ఇక్కడ రాదని, బహుశా ఆ మంట ముందు నిలబడ్డా రాదని మొదటిసారి అర్థమైంది. అర్థమైనందుకూ ఏమీ అనిపించలేదు.

“ఏంటి బావా, అలా చూస్తున్నావ్?”

మెకానిక్కు కిటికీలోంచి చెయ్యి పెట్టి, స్టీరింగు పక్కనున్న తాళంచెవి వెనక్కి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. చిన్నోడు నోరు తెరిచేలోపు తాళంచెవి లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు.